కార్డు లేకపోతే మనిషి లేనట్టేనా?
మైదాన ఆదివాసులు, ఆరోగ్య హక్కు, చట్టం

(పర్చూరులో ఆదివాసీ యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)



పొద్దున్నుంచీ ఇళ్ల పట్టాల గురించి, కుల ధృవీకరణ పత్రాల గురించి విన్నారు. అన్నాలు తిని కూర్చున్నాక చట్టం గురించి చెబితే నిద్రొస్తుందని నాకూ తెలుసు. అందుకని సెక్షన్లు తక్కువగా, పాముల గురించి ఎక్కువగా మాట్లాడతాను.

డెల్టా వైపు వరి కోతలయ్యాక పొలం గట్ల మీద ఎలుకలు పట్టేదెవరు? మన యానాదులు. బొరియలో ఉన్నది ఎలుకో పామో ముందుగా తెలిసేది చెయ్యి పెట్టినవాడికే. మిర్చి కల్లాల దగ్గర రాత్రిళ్లు కాపలా పడుకునేదెవరు? మూతికి ఓ తువ్వాలు ముక్క కట్టుకుని పత్తికీ మిర్చికీ మందు కొట్టేదెవరు? సంక్రాంతి దాటితే మార్కాపురం, మాచర్ల వైపు తండాల నుంచి సుగాలీ కుటుంబాలు మిరపకాయ కోతలకి దిగుతాయి. కోతలు అయ్యేదాకా చేల పక్కన గుడారాల్లోనే కాపురం. ఆ గుడారాల్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉంటుంది, పాలు తాగే బిడ్డ ఉంటాడు, టీబీ మందులు మధ్యలో ఆపేసిన పెద్దాయన ఉంటాడు.

మన జబ్బులు ఇవి. పాముకాటు, పురుగుమందు, రక్తం లేకపోవడం, కాన్పు, టీబీ. వీటికి గుంటూరులో గుండె ఆపరేషన్లు చేసే అద్దాల ఆసుపత్రి ఉంటే సరిపోదు. ఆలస్యం కాకుండా చేరగలిగిన పీహెచ్‌సీ కావాలి. అందులో డాక్టరుండాలి, ఫ్రిజ్‌లో యాంటీ వెనమ్ ఉండాలి.

పాము మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం పక్కకెళ్తాను. మన తాతలు పాముకాటుకి పసరు పోసేవాళ్లని ఊళ్లో వాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ పేరు మనకి గౌరవమే. కానీ కట్లపాము కరిస్తే పసరు పనిచెయ్యదు, యాంటీ వెనమే కావాలి, ఇందులో మొహమాటం వద్దు. అయినా ఆ యాంటీ వెనమ్ ఎక్కణ్ణుంచి వస్తోంది? తమిళనాడులో ఇరుళ ఆదివాసులు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో యాంటీ వెనమ్ తయారీకి వాడే విషంలో ఎక్కువ భాగం వాళ్లు పాముల నుంచి తీసిచ్చిందే. అంటే ఆ సీసా ఆదివాసీ చేతి మీదుగానే బయల్దేరింది. మళ్లీ ఆదివాసీ దగ్గరికే చేరడం లేదు.

చేరకపోవడానికి ఒక కారణం లెక్కల్లో ఉంది. జాగ్రత్తగా వినండి. దేశంలో ఆసుపత్రులు ఎక్కడ పెట్టాలో జనాభాని బట్టి ప్రమాణాలు రాసుకున్నారు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్ సెంటరు, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం. కొండ ప్రాంతం, గిరిజన ప్రాంతం అయితే 3,000కి, 20,000కి, 80,000కి. ఎందుకు తగ్గించారు? అక్కడివాళ్లు పేదలు, దూరాలు ఎక్కువ, జబ్బులు ఎక్కువ అని. న్యాయమే. ఆశా కార్యకర్త విషయంలోనూ అంతే. మామూలుగా వెయ్యి మందికి ఒకరు, గిరిజన ప్రాంతాల్లో అవసరాన్ని బట్టి ఒక్కో ఆవాసానికి ఒకరిని పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మన సంగతి. పాత గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం సెంటు కూడా లేదు. రాష్ట్రంలో ఐదో షెడ్యూలు వర్తించేది శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న పాత జిల్లాల ఏజెన్సీలకే. పర్చూరు మొదట గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశంలోకి వచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అయింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా కాగితం మీద మనది మైదానమే. కాబట్టి యానాది కాలనీలో ముప్పై గుడిసెలుంటే, ఆ ముప్పై గుడిసెలూ పెద్ద ఊరి లెక్కలో కలిసిపోతాయి. ఆశా అక్క ఊళ్లో ఉంటుంది. కాలనీ కాలవ అవతల ఉంటుంది. ఆమె తప్పు పట్టడం లేదు, ఆమెకి ఇచ్చిన పని బరువు నాకు తెలుసు. తప్పు లెక్క కట్టిన పద్ధతిలో ఉంది.

కేంద్రం తాజాగా పెట్టిన పథకాల్లోనూ ఇదే. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ వచ్చింది. అది అత్యంత వెనుకబడిన గిరిజన సమూహాలకి. మన రాష్ట్రంలో చెంచులు దాని కిందికి వస్తారు, యానాదులు రారు. 2024 అక్టోబరు 2న ధర్తీ ఆబా పథకం వచ్చింది. దానికి ఊళ్లో 500 మందికి తగ్గకుండా జనాభా ఉండాలి, అందులో సగమైనా ఎస్టీలు ఉండాలి. లేదా ఆకాంక్షిత జిల్లా అయ్యుండాలి, అప్పుడు 50 మంది ఎస్టీలున్నా చాలు. బాపట్ల ఆకాంక్షిత జిల్లా కాదు. పెద్ద ఊరి పక్కన విసిరేసినట్టుండే మన కాలనీ ఏ లెక్కన సగం అవుతుంది?

ఇది చిన్న సమూహం గొడవ కాదు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు ఐదు లక్షల పైన, ఎరుకలవాళ్లు ఇంచుమించు అంతే. దేశం మొత్తం మీద చూసినా, డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యం మీద వేసిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ఒక సంగతి చెప్పింది. ఆదివాసుల్లో సగానికి మించి గిరిజనులు ఎక్కువగా ఉండే బ్లాకుల బయటే బతుకుతున్నారు. ఆరోగ్య విధానమేమో ఆ బ్లాకుల లోపలి వాళ్లనే చూస్తోంది. లోపలివాళ్లకి అందుతున్నది గొప్పగా ఉందని నేను అనడం లేదు. డోలీ మోతలు మనం రోజూ చూస్తూనే ఉన్నాం. పోటీ పెట్టుకోవద్దు.

చరిత్రలో ఒక తమాషా ఉంది, ఎరుకల తమ్ముళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇక్కడికి దగ్గర్లోనే, చీరాల నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలో స్టూవర్టుపురం ఉంది. 1913లో సాల్వేషన్ ఆర్మీవాళ్ల చేతుల మీదుగా ఎరుకలవాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటు అది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో పుట్టింది. ఆ చట్టం మనిషిని పట్టుకుంది. ఎక్కడికి వెళ్లినా పేరు రిజిస్టరులో ఉండాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో రద్దయ్యేదాకా ప్రాంతంతో నిమిత్తం లేకుండా మనిషి వెనకాలే తిరిగింది. నిఘా పెట్టాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వానికి మనిషి కనిపించాడు. మందు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ‘మీరు ఏ ప్రాంతం’ అని అడుగుతోంది.

సరే, ప్రాంతం మనకి కలిసి రాలేదు. కార్డు ఉందిగా అంటారు. కార్డు దగ్గరికే వస్తున్నా.

2007 ఏప్రిల్ 1న రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మొదట బీమా కంపెనీ ద్వారా నడిపారు, తర్వాత ట్రస్టే నేరుగా నడిపింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. 2018 సెప్టెంబరులో కేంద్రం కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. 2023 డిసెంబరులో రాష్ట్రం పరిమితిని 25 లక్షలకి పెంచింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో నిర్ణయం తీసుకుంది, మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీ చూసుకుంటుంది, ఆ పైది ట్రస్టు చూసుకుంటుంది అని. ఎక్కడ మొదలయ్యామో అక్కడికే సగం దూరం వెనక్కి వచ్చామన్నమాట.

ఆరోగ్యశ్రీ వల్ల మేలు జరగలేదని నేను అనను. మన ఇళ్లల్లోనే గుండెకి, కిడ్నీకి, క్యాన్సర్‌కి దానితో వైద్యం చేయించుకున్నవాళ్లు ఉన్నారు. కానీ అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరితే పనిచేసే పథకం. రోజూ మింగాల్సిన బీపీ మాత్రకి, పిల్లాడి జ్వరానికి, చేతి మీద మిర్చి మంటకి అది రాదు. వాటికి మనవాళ్లు వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికి, డబ్బు తెచ్చేది మేస్త్రీ దగ్గర అడ్వాన్సుగా. ఆ అడ్వాన్సు తీర్చడానికి మళ్లీ చెరువుల దగ్గరికో, ఇటుక బట్టీకో పోవాలి. వెట్టిచాకిరీ ఇలా ఒక జ్వరంతో మొదలవుతుంది. నెట్‌వర్క్ ఆసుపత్రులకి బకాయిలు చెల్లించలేదని సేవలు ఆపేసిన రోజులూ మనం ఒకటికి నాలుగుసార్లు చూశాం. పథకం అంటే అదే. డబ్బు ఉన్నన్నాళ్లు ఉంటుంది. హక్కు అయితే కోర్టులో అడగొచ్చు.

ఇక కార్డు రావడానికి ఏం కావాలి? రేషన్ కార్డు. దానికి ఆధార్. దానికి చిరునామా. చెరువు గట్టు మీద కాపలా గుడిసెకి డోర్ నంబరు ఎవరిస్తారు? ఆయుష్మాన్ భారత్ జాబితా మొదట 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన నుంచి తీశారు. గ్రామాల్లో ఎస్టీ కుటుంబం కావడం అందులో ఒక అర్హత. కాగితం మీద బాగుంది. ఎన్యూమరేటరు వచ్చిన రోజు నువ్వు వలసలో ఉంటే ఆ అర్హత నీ తలుపు దగ్గరే ఆగిపోయింది. అందులోనే ఇంకో అర్హత ఉంది, చాలామందికి తెలియదు. చట్టప్రకారం విడుదలైన వెట్టికార్మికుల కుటుంబాలు నేరుగా జాబితాలోకి వస్తాయి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద విడుదల పత్రం తీసుకున్నవాళ్లు మీ కాలనీల్లో ఉంటే, ఆ కాగితం పారేయొద్దని చెప్పండి.

ఆధార్ లేదని పంపేస్తే? ఆధార్ చట్టం 7వ సెక్షన్‌లోనే రాసి ఉంది, ఇంకా నంబరు రానివాళ్లకి వేరే గుర్తింపు మీద సేవ అందించాలని. కౌంటరులో కూర్చున్నాయనకి అది తెలియకపోవచ్చు. మనకి తెలిసుండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. వైద్యం మన రాజ్యాంగంలో హక్కా, కాదా? సూటిగా చెప్పాలంటే, హక్కు అని విడిగా ఎక్కడా రాయలేదు. ప్రజల ఆరోగ్యం మెరుగుపరచడం రాజ్యం బాధ్యత అని 47వ అధికరణం చెప్తుంది. కానీ అది ఆదేశిక సూత్రం, దాన్నొక్కదాన్నే పట్టుకుని కోర్టుకి పోలేం. ఆసుపత్రులు ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ప్రమాణాలు రాసేది, డబ్బులో పెద్ద వాటా ఇచ్చేది మాత్రం ఢిల్లీ. అందుకే రాష్ట్రాన్ని అడిగితే ఢిల్లీ అంటారు, ఢిల్లీని అడిగితే రాష్ట్రం అంటారు.

ఈ గోడకి కన్నం పెట్టింది ఒక వ్యవసాయ కూలీ. పేరు హకీం షేక్, పశ్చిమ బెంగాల్. 1992 జూలైలో రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలింది. ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్లారు, అక్కడ సౌకర్యం లేదన్నారు. కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పారు. ఒకచోట పడక ఖాళీ లేదు, ఇంకోచోట యంత్రం లేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే 17 వేల దాకా ఖర్చయింది. ఆయన సభ్యుడిగా ఉన్న వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996లో తీర్పు వచ్చింది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమే, డబ్బు లేదనే సాకు చెల్లదు అని. హకీం షేక్‌కి 25 వేలు పరిహారం ఇమ్మంది. ఆ మొత్తం చిన్నదే. ‘డబ్బు లేదనే సాకు చెల్లదు’ అన్నది మనకి పెద్దది. కేసు వేసింది పెద్ద లాయర్ల సంస్థ కాదు, మనలాంటి కూలీ సంఘం. నాకు ఆ తీర్పులో అన్నిటికంటే నచ్చేది అదే.

అంతకుముందు 1989లో పరమానంద్ కటారా కేసులో కోర్టు ఇంకోటి చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని తీసుకొస్తే ముందు వైద్యం, పోలీసు కాగితాలు తర్వాత. ఇది ప్రభుత్వ డాక్టరుకే కాదు, ప్రైవేటు డాక్టరుకీ వర్తిస్తుంది. పురుగుమందు తాగిన కేసు, తలకి మించి కూలీలని ఎక్కించుకున్న ఆటో బోల్తాపడ్డ కేసు, ‘మెడికో లీగల్, మేం ముట్టుకోం’ అంటే ఈ తీర్పు చెప్పండి. రోడ్డు ప్రమాదాలకైతే 2025లో కేంద్రం పథకం కూడా నోటిఫై చేసింది, ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం.

అయితే ఈ తీర్పుల బలం ముఖ్యంగా అత్యవసరం వరకే. ప్రాణం పోయేటప్పుడు హక్కు ఉంది, ప్రాణం పోయే దాకా రాకుండా చూసుకోవడానికి అంత గట్టి హక్కు లేదు. 2015లో జాతీయ ఆరోగ్య విధానం ముసాయిదాలో ఆరోగ్య హక్కు చట్టం ప్రతిపాదన ఉండేది. 2017లో తుది విధానం వచ్చేసరికి అది పోయింది, హామీ అనే మాట మిగిలింది. జీడీపీలో రెండున్నర శాతం 2025 నాటికి ఆరోగ్యానికి ఖర్చు పెడతామన్నారు. ఆ ఏడూ దాటింది. రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు వీధుల్లోకి వచ్చి సమ్మె చేశారు. చట్టం రావడం ఒకటి, దాన్ని నడిపించుకోవడం ఇంకోటి. అయినా మన అసెంబ్లీలో అలాంటి బిల్లు పెట్టండని అడగడానికి మనకి ఇప్పుడొక ఉదాహరణ ఉంది.

బాపట్ల సంగతి చెప్పకుండా ముగిస్తే మీరే అడుగుతారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త మెడికల్ కాలేజీలని పీపీపీ పద్ధతిలో ఇవ్వాలని నిర్ణయించింది. అందులో బాపట్ల ఒకటి. పార్టీల మధ్య దీని మీద పెద్ద గొడవ నడిచింది. పేదలకి ఉచిత వైద్యం ఉంటుందని ప్రభుత్వం అంటోంది. నా అభిప్రాయం దాచుకోను, ప్రభుత్వ ఆసుపత్రి ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. ఎందుకంటే హకీం షేక్ తీర్పుని ప్రభుత్వ ఆసుపత్రి గేటు దగ్గర చూపించినంత తేలిగ్గా ప్రైవేటు భాగస్వామి గేటు దగ్గర చూపించలేం. అక్కడ మాట్లాడేది ఒప్పంద పత్రం.

ఢిల్లీలో ప్రైవేటు ఆసుపత్రులకి రాయితీకి ప్రభుత్వ భూమి ఇచ్చారు, పేదలకి ఉచిత వైద్యం అనే షరతు మీద. షరతు అమలు చెయ్యమంటే ఏళ్ల తరబడి కోర్టులు తిరిగారు. చివరికి పదిశాతం పడకలు, ఓపీలో పాతిక శాతం పేదలకి ఉచితంగా ఇవ్వాల్సిందేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బాపట్ల విషయంలో మనం ఏ పార్టీ జెండా మోయాలన్నది తర్వాత. ఆ ఒప్పందం కాగితాలు అడగాలి. ఉచిత పడకలు ఎన్ని, కార్డు లేనివాణ్ణి చేర్చుకుంటారా, పాముకాటు కేసుకి ముందు డిపాజిట్ అడుగుతారా, అడిగితే ఫిర్యాదు ఎవరికి? ఈ నాలుగూ ఒప్పందంలో రాసి లేకపోతే, లేవన్నమాటే.

ఇంకొక్క రెండు విషయాలు. మనవాళ్లని పీహెచ్‌సీ గడప దగ్గరే ఆపేయడం, ‘కంపు కొడుతున్నారు, బయట కూర్చోండి’ అనడం మీకు కొత్త కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో, ఆసుపత్రిలోకి, డిస్పెన్సరీలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి ఎస్టీలని రాకుండా అడ్డుకోవడం నేరమైంది. మూడో సెక్షన్‌లో ఉంది. ప్రతి చిరాకు మాటకీ ఈ చట్టం తియ్యమని చెప్పడం లేదు. సిబ్బందితో మనకి రేపు కూడా పని ఉంటుంది. కానీ అడ్డుకున్నప్పుడు అది మర్యాద లేకపోవడం కాదు, నేరం అని మనకి తెలిసుండాలి.

రెండోది, డబ్బు లేకుండా వెళ్లగలిగే చోటు. న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలి. అదే చట్టం కింద శాశ్వత లోక్ అదాలత్‌లు ఉన్నాయి. ఆసుపత్రి సేవలు, బీమా సేవలు వాటి పరిధిలోకి వస్తాయి. కోర్టు ఫీజు ఉండదు. పథకం కింద చేర్చుకుని మళ్లీ మందులకంటూ చేతి డబ్బు వసూలు చేశారనుకోండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే తేదీ, సమయం, ఎంత కట్టారో రాసుకోండి. ఆ కాగితంతో అక్కడికి వెళ్లొచ్చు.

ఇక పని. వచ్చే నెల మళ్లీ కలిసేలోగా ఒక్కొక్కరు మీ కాలనీకి, తండాకి ఒక పేజీ రాసుకు రండి. ఇళ్లెన్ని, కార్డు లేని ఇళ్లెన్ని, పీహెచ్‌సీ ఎన్ని కిలోమీటర్లు, ఆశా ఆఖరుసారి ఎప్పుడు వచ్చింది, వర్షాకాలంలో 108 బండి కాలనీ దాకా వస్తుందా, రోడ్డు మీదే ఆగిపోతుందా. పాముకాటుతో, పురుగుమందుతో గత రెండేళ్లలో ఎవరైనా పోయారా, పోతే దారిలోనా, ఆసుపత్రిలోనా. పాముకాటు కేసులని తప్పనిసరిగా నమోదు చేసే జబ్బుగా ప్రకటించమని కేంద్రం 2024 నవంబరులోనే రాష్ట్రాలకి రాసింది. మన లెక్క మన దగ్గర ఉంటే వాళ్ల రిజిస్టరుతో పోల్చి అడగొచ్చు. సమాచార హక్కు కింద ప్రతి పీహెచ్‌సీకీ ఒక దరఖాస్తు పెడదాం, ఈ రోజుకి యాంటీ వెనమ్ సీసాలు ఎన్ని ఉన్నాయి, గత ఏడాదిలో ఎన్ని రోజులు అసలు లేవు అని. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి దరఖాస్తు రుసుము ఉండదు.

ఆ పేజీలన్నీ కలిపి కలెక్టరుకి ఇచ్చేటప్పుడు అడగాల్సింది మాత్రం ఒకటే. ఏ ఊళ్లో ఎస్టీల ఆవాసం విడిగా ఉన్నా, అది మైదానమైనా సరే, ఆశాకీ సబ్ సెంటరుకీ గిరిజన ప్రాంత ప్రమాణమే వర్తింపజేయాలి.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలు అడగండి. వెనకాల కూర్చున్న చెల్లెలు ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతోంది, మైకు ముందు ఆమెకివ్వండి.